పనిచోటు నిర్ణయం ఎవరిది?

2020 మార్చి 24 రాత్రి దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. అప్పటికే మాధాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మనుషులు పలచబడ్డారు. మరికొద్ది రోజుల్లో ఆ అద్దాల భవనాలు దాదాపు ఖాళీ అయిపోయాయి. లాప్‌టాపులు సంచుల్లో పెట్టుకొని ఉద్యోగులు అద్దె గదులకు చేరారు. వీలు చిక్కినవాళ్ళు సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. పని మాత్రం ఆగలేదు. రెండు మూడేళ్ళు గడిచాక మళ్ళీ ఆఫీసుకు రమ్మని కబురు వచ్చింది. మొదట వారానికి రెండు రోజులన్నారు, తర్వాత మూడన్నారు, కొన్నిచోట్ల అయిదూ అన్నారు.

ఈ తిరిగి రావడాన్ని ఎలా సులభం చేయాలన్న విషయం మీద ఇప్పుడు ఒక సలహాల సాహిత్యమే పుట్టుకొచ్చింది. మొదటి వారం మీటింగులు తగ్గించండి, మధ్యాహ్నం అందరికీ కలిపి భోజనం పెట్టండి, కొత్త కుర్చీలు వేయండి, మనసు బాగోలేనివాళ్ళతో మాట్లాడడానికి ఒక నిపుణుణ్ణి పిలవండి అంటుంది ఆ సాహిత్యం. ఇవేవీ చెడ్డ సలహాలు కావు. కాని వీటన్నిటి వెనకా ఒక ఊహ ఉంది. నిర్ణయం జరిగిపోయింది, ఇక మిగిలింది ఉద్యోగి దానికి సర్దుకోవడమే అన్నదే ఆ ఊహ. ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు అన్న ప్రశ్నకు ఆ పుస్తకాల్లో చోటు లేదు.

పని ఇంట్లోంచి బయటికి పోవడం, బయటినుంచి ఇంట్లోకి రావడం చరిత్రలో ఇదే మొదటిసారి కాదు. రెండున్నర శతాబ్దాలుగా ఈ రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. ఆ చరిత్రను కొంచెం తిరగేస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇల్లు మంచిదా, ఆఫీసు మంచిదా అన్న వాదనతో ఈ సమస్య తెగదు. పనిచేసే చోటును మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ మార్పు ఖర్చు ఎవరి నెత్తిన పడింది అన్న లెక్కలు చూస్తేనే తెగుతుంది.

1. ఇంటినుంచి మిల్లుకు

పారిశ్రామిక విప్లవానికి ముందు ఇంగ్లండులో నూలు వడికేదీ, గుడ్డ నేసేదీ చాలావరకు ఇళ్ళల్లోనే. వర్తకుడు ఉన్నో పత్తో ఇచ్చిపోయేవాడు, సరుకు తయారయ్యాక తూకం వేసి తీసుకుపోయేవాడు, కూలి కట్టేవాడు. మగ్గం నేతగానిది. ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి అన్నది కూడా అతనిదే. వారం మొదట్లో మెల్లగా పనిచేసి, సరుకు అప్పగించే రోజు దగ్గరపడ్డాక రాత్రింబగళ్ళు కష్టపడడం వాళ్ళకు రివాజు. సోమవారం పని ముట్టకుండా ఉండే ఆచారం ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ రోజుకు ఏకంగా ఒక పుణ్యపురుషుడి హోదా ఇచ్చి 'సెయింట్ మండే' అని పేరుపెట్టుకున్నారు.

1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో నీటిశక్తితో నడిచే నూలు మిల్లు కట్టించాడు. అలాంటివి తర్వాత ఎన్నో లేచాయి. మిల్లుకు గంట ఉంది, గేటు ఉంది, ఆలస్యమైతే జరిమానా ఉంది. ఇంటి లయకు అలవాటుపడిన మనుషులు ఈ గంటకు లొంగడానికి రెండు మూడు తరాలు పట్టింది. పని మీద కాలపు క్రమశిక్షణ ఎలా రుద్దబడిందో చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. మిల్లు గడియారాన్ని పొద్దున ముందుకూ, సాయంత్రం వెనక్కూ తిప్పేవారని, అది బయటపడకుండా కార్మికుల దగ్గర గడియారాలు ఉండనిచ్చేవారు కాదని ఆనాటి కార్మికులు చెప్పుకున్న సాక్ష్యాలు అందులో ఉన్నాయి. కొత్త పనిచోటుకు 'అలవాటు చేయడం' అంటే అప్పట్లో ఇదీ అర్థం.

మిల్లు ఎందుకు వచ్చింది? యంత్రం పెద్దది, నీటిచక్రం ఇంట్లో పట్టదు, కనుక మనుషులే దాని దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది అన్నది మామూలు జవాబు. 1974లో ఆర్థికవేత్త స్టీఫెన్ మార్గ్లిన్ ఈ జవాబును తలకిందులు చేశాడు. యంత్రం కంటే ముందు యజమానికి కావలసింది అజమాయిషీ అనీ, పనివాణ్ణి కళ్ళెదుట కూర్చోబెట్టుకుంటే ఎక్కువ గంటలు పిండుకోవచ్చనీ, సరుకు పక్కదారి పట్టకుండా చూసుకోవచ్చనీ అతని వాదం. డేవిడ్ లాండెస్ వంటి చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు. యంత్రాల పొదుపును మార్గ్లిన్ చిన్నచూపు చూశాడన్నారు. ఆ వివాదంలో రెండువైపులా కొంత నిజం ఉంది. కాని మార్గ్లిన్ లేవనెత్తిన ప్రశ్నకు మన కాలంలో కొత్త బలం వచ్చింది. నీటిచక్రం లేదు, ఆవిరియంత్రం లేదు. పనిముట్టు చంకలో పట్టేంత చిన్నది. అయినా మనుషుల్ని ఒకచోటికి రప్పించాలన్న పట్టుదల తగ్గలేదు.

అంతమాత్రాన పాత ఇంటిపనిని స్వర్గంగా చిత్రించుకోకూడదు. యంత్రాలతో పోటీపడలేక 1830లలో ఇంగ్లండు చేనేతగాళ్ళు సొంత ఇంట్లో, సొంత మగ్గం మీద పద్నాలుగు గంటలు పనిచేసి పస్తులున్నారు. మరోవైపు, మిల్లు అనేది ఉండబట్టే 1833 ఫ్యాక్టరీ చట్టం కింద తనిఖీ అధికారులు రాగలిగారు. 1847లో స్త్రీలకూ, పడుచువయసు వారికీ పదిగంటల పనిదినం సాధ్యమైంది. ఒక్కచోట కూడిన మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, సంఘం పెట్టుకున్నారు. యజమాని అజమాయిషీ కోసం కట్టిన గోడలే కార్మికుల ఐక్యతకూ ఆవరణ అయ్యాయి. ఈ వైరుధ్యాన్ని గుర్తుపెట్టుకోవాలి. ముందుముందు దీనితో పని ఉంది.

2. మన తీరంలో ఇల్లూ, ఫ్యాక్టరీ

ఇంగ్లండులో మిల్లు లేవకముందే మన కోస్తాలో ఇంగ్లీషువాళ్ళ 'ఫ్యాక్టరీలు' ఉన్నాయి. 1611లో మచిలీపట్నంలో మొదలై, తర్వాత గోదావరి ప్రాంతంలో మాధవాయపాలెం, ఇంజరం వంటి చోట్ల వెలిశాయి. మాధవాయపాలెం పేరు ఒక రకం గుడ్డకే పేరైపోయింది. కాని వాటిల్లో మగ్గాలు లేవు. ఫ్యాక్టరీ అంటే అప్పటికి కంపెనీ ఉద్యోగి ఉండే చోటు, సరుకు పోగేసే గిడ్డంగి. నేత మాత్రం సాలెవారి, దేవాంగుల ఇళ్ళల్లోనే సాగింది.

ఇంట్లో నేశారు కనుక స్వేచ్ఛగా నేశారా? మొదట్లో కొంతవరకు అవును. కొనేవాళ్ళు అనేకులు. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు, దేశీయ వర్తకులు ఉన్నారు. బయానా ఒకరి దగ్గర తీసుకున్నా అది తిరిగి ఇచ్చేసి మరొకరికి అమ్ముకునే వీలుండేది. 18వ శతాబ్ది చివరికి కంపెనీ చేతికి రాజ్యాధికారం వచ్చాక పరిస్థితి మారిపోయింది. మధ్యవర్తకులను తప్పించి కంపెనీ నేరుగా నేతగాళ్ళకు బయానాలిచ్చింది. గుమాస్తాలు, బంట్రోతులు ఇళ్ళమీదికి వచ్చారు. పరాయివాళ్ళకు అమ్మకూడదన్నారు. గోదావరి తీరపు నేతగాళ్ళు దీన్ని ఎదిరించి నిలబడ్డ సంఘటనలు ఆ కాలపు రికార్డుల్లో ఉన్నాయి.

ఇక్కడ పనిచోటు అంగుళం కూడా కదల్లేదు. అదే ఇల్లు, అదే గుంటమగ్గం. అయినా నేతగాడి బతుకు తలకిందులైంది. కారణం, ఎవరికి నేయాలి, ఏ ధరకు నేయాలి అన్న నిర్ణయం అతని చేయి దాటిపోయింది. ఇంట్లో ఉన్నంత మాత్రాన మనిషి యజమాని పట్టు తప్పించుకున్నట్టు కాదని తెలుగు నేతగాళ్ళు రెండు వందల ఏళ్ళ కిందటే అనుభవించారు.

3. చేట ముందు కూర్చున్న చరిత్ర

ఇరవయ్యో శతాబ్దంలో ఇంటిపనికి మన దగ్గర పెద్ద ఉదాహరణ బీడీలు. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో తల్లీకూతుళ్ళు చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే దృశ్యం తెలియనివాళ్ళుండరు. తునికాకు, తంబాకు, దారం కంపెనీ ఇస్తుంది. ఆకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం ఇంట్లో. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని. దీపం ఎవరిది? ఇల్లు ఎవరిది? తంబాకు ఘాటుకు దగ్గే పసిపిల్లలు ఎవరివాళ్ళు? కంపెనీ పద్దుల్లో వీటికి ఖాతా లేదు. పెట్టుబడి తన ఫ్యాక్టరీ గోడల్ని జనం ఇళ్ళదాకా జరుపుకొని, ఆ ఇళ్ళను తన బయటి శాఖలుగా వాడుకోగలదని మార్క్స్ 1867లోనే విశ్లేషించాడు.

బీడీ యజమానుల ముఖ్యమైన వాదన ఏమిటంటే, ఇంట్లో చుట్టేవాళ్ళు మా పనివాళ్ళే కాదు, మేం వాళ్ళ పని చూడడం లేదు, వేళలు పెట్టడం లేదు అని. ఎన్నో ఏళ్ళ ఆందోళనల తర్వాత 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్ళు కూడా ఉద్యోగులేనని ఒప్పుకుంది. యజమానులు కోర్టుకెక్కారు. 1974లో మంగుళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో ఇంట్లో చుట్టేవాళ్ళకు కూడా ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పులో గమనించవలసిన తర్కం ఒకటుంది. బీడీలు బాగోలేవని తిరస్కరించే హక్కు యజమానికి ఉంది కదా, ఆ హక్కే అజమాయిషీ అన్నది కోర్టు. మేస్త్రీ పక్కన నిలబడి చూడనక్కరలేదు. చేసిన పనిని ఒప్పుకోవడమో, కాదనడమో అతని చేతిలో ఉంటే చాలు, ఇల్లు కూడా అతని పనిచోటే.

ఆ 1966 చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఇంటిపని చేసేవారికి తక్కిన కార్మికులతో సమాన హక్కులుండాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 177వ ఒడంబడికను భారత ప్రభుత్వం ఆమోదించలేదు.

4. తీగలమీద నడిచే పని

ఇంతవరకు చెప్పుకున్నది చేతిపని. బల్ల ముందు కూర్చుని చేసే పని ఇంటికి మళ్ళడం అన్న ఆలోచన అమెరికాలో 1973లో రూపు దిద్దుకుంది. ఆ ఏడే చమురు సంక్షోభం వచ్చింది. మనుషుల్ని పనిదగ్గరికి మోసుకుపోయే బదులు పనినే టెలిఫోను తీగలమీద మనుషుల దగ్గరికి పంపవచ్చు కదా అని జాక్ నీల్స్ అనే ఇంజినీరు ప్రతిపాదించి, దానికి 'టెలికమ్యూటింగ్' అని పేరుపెట్టాడు. 1980లో ఆల్విన్ టాఫ్లర్ తన 'థర్డ్ వేవ్' పుస్తకంలో ప్రతి ఇల్లూ ఒక ఎలక్ట్రానిక్ కుటీరం అవుతుందని జోస్యం చెప్పాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, దీన్ని మొదట గట్టిగా వ్యతిరేకించింది కార్మిక సంఘాలు. అమెరికా సంఘాల సమాఖ్య ఎ.ఎఫ్.ఎల్.-సి.ఐ.ఓ. 1983లో కంప్యూటర్ ఇంటిపనిని నిషేధించాలని తీర్మానం చేసింది. వాళ్ళ భయానికి కారణం ఉంది. కుట్టుపని, అల్లికపని ఇళ్ళల్లో చేయించి స్త్రీలనూ పిల్లలనూ పీల్చిపిప్పి చేసిన చరిత్ర వాళ్ళకు తెలుసు. పోరాడి 1940లలో అలాంటి ఏడు పరిశ్రమల్లో ఇంటిపనిని నిషేధింపజేసుకున్నారు. 1981లో రీగన్ ప్రభుత్వం ఆ నిషేధాలను సడలించడం మొదలుపెట్టింది. అప్పుడు ఇంటిపని కావాలన్నది యజమానులు, వద్దన్నది సంఘాలు.

నలభై ఏళ్ళు తిరిగేసరికి పాత్రలు తారుమారయ్యాయి. ఇప్పుడు ఇంట్లో చేస్తామంటున్నది ఉద్యోగులు, ఆఫీసుకు రమ్మంటున్నది యజమానులు. దీన్ని చూసి కార్మికులకు నిలకడ లేదనుకుంటే పొరపాటు. రెండు సందర్భాల్లోనూ వాళ్ళు అడిగింది ఒకటే. తమ పని షరతుల మీద తమకు మాట ఉండాలని.

హైదరాబాదు సంగతికి వద్దాం. 1991 నుంచి సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల పథకం, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్, ఆ చుట్టూ పెరిగిన హైటెక్ సిటీ అన్నీ ఒకే సూత్రం మీద నిలబడ్డాయి. న్యూయార్కు బ్యాంకు పని న్యూయార్కులోనే కూర్చుని చేయనక్కరలేదన్నదే ఆ సూత్రం. అంటే మన సాఫ్ట్‌వేరు పరిశ్రమ యావత్తూ పుట్టుకతోనే దూరంనుంచి చేసే పని. కూలి చౌక కాబట్టి పదమూడు వేల కిలోమీటర్ల దూరం అడ్డురాలేదు. మరి కుకట్‌పల్లిలో అద్దె ఇంటికీ రాయదుర్గంలో ఆఫీసుకూ మధ్య ఉన్న పన్నెండు కిలోమీటర్లు ఎందుకు అడ్డొస్తున్నాయి? దూరానికి సహజమైన మంచీ చెడూ లేవు. లాభం ఇచ్చే దూరం ఒకటి, అజమాయిషీని వదులు చేసే దూరం మరొకటి.

5. పిలుపులు, వెనక్కి పిలుపులు

వెనక్కి పిలవడం కూడా కరోనాతో మొదలైంది కాదు. 2013లో యాహూ కంపెనీ ఇంటిపనిని రద్దు చేసింది. దశాబ్దాల తరబడి ఇంటిపనికి ఆదర్శంగా పేరుపడ్డ ఐ.బి.ఎం. 2017లో వేలాది ఉద్యోగులను ఆఫీసులకు పిలిచింది. రెండు కంపెనీలూ వ్యాపారంలో ఇబ్బందులు పడుతున్న కాలం అది. వ్యాపారం మందగించినప్పుడు పనిచోటు మార్చడం, ఇష్టంలేనివాళ్ళు తామే మానుకుపోవడం పక్కపక్కనే జరుగుతుంటాయి. మానుకున్నవాళ్ళను తొలగించామని చెప్పుకోనక్కరలేదు, వాళ్ళకు పరిహారం ఇవ్వనక్కరలేదు.

మన దేశంలో 2020 ఏప్రిల్‌లో టి.సి.ఎస్. ఒక గొప్ప ప్రకటన చేసింది. 2025 నాటికి తన ఉద్యోగుల్లో నాలుగో వంతు మంది మాత్రమే ఆఫీసులో ఉంటే సరిపోతుందన్నది. ఆ ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం టెలికాం నిబంధనలు సడలించి ఇంటినుంచి పనికి దారి సుగమం చేసింది. 2023 అక్టోబరుకల్లా అదే కంపెనీ వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రావాలన్నది. 2024లో హాజరును జీతంలోని మారే భాగంతో ముడిపెట్టింది. ఇంటినుంచి మీటింగులు జరుపుకునే సాధనాన్ని లోకానికి అమ్మి పైకొచ్చిన జూమ్ కంపెనీయే 2023లో తన ఉద్యోగులను వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మన్నది. అమెజాన్ 2024 సెప్టెంబరులో ప్రకటించి, 2025 జనవరి నుంచి అయిదు రోజుల హాజరు పెట్టింది.

ఈ రెండు కొసల మధ్యలో, 2022 సెప్టెంబరులో, విప్రో కంపెనీ పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసింది. వాళ్ళు చేసింది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. అయితే ఇంట్లో కూర్చున్నంత మాత్రాన నీ సమయం నీది కాదన్న హెచ్చరిక అందులో ఉంది. మాధవాయపాలెం నేతగాడు పరాయివాళ్ళకు అమ్మకూడదన్న కంపెనీ హుకుంతో దీనికి పోలిక వెతకడానికి దూరం పోనక్కరలేదు.

యజమానుల వాదన కూడా వినాలి. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు పక్కన కూర్చున్నవాళ్ళను చూసి నేర్చుకుంటారు, మనిషికి మనిషి ఎదురుపడితే చిక్కుముళ్ళు త్వరగా విడతాయి అంటారు. ఇది అబద్ధం కాదు. 2010-11లో షాంఘైలో సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీ కాల్‌సెంటర్లో నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు ప్రయోగం చేసింది. ఇష్టపడి ఇంటినుంచి పనిచేసినవాళ్ళ పని 13 శాతం పెరిగింది. కాని వాళ్ళ పనితో పోల్చి చూస్తే ప్రమోషన్లు తగ్గాయి. ఒంటరితనం బాధించిందని చాలామంది చెప్పారు. ప్రయోగం ముగిశాక ఎక్కడ పనిచేస్తారో మళ్ళీ ఎంచుకోమంటే సగానికి పైగా తమ ఎంపిక మార్చుకున్నారు. అలా మార్చుకోనిచ్చాక ఇంటిపని వల్ల వచ్చిన లాభం 13 నుంచి 22 శాతానికి చేరింది. అదే కంపెనీలో 1,612 మంది మీద జరిపిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. వారానికి రెండు రోజులు ఇంటినుంచి చేయనిస్తే పనిలోగానీ ప్రమోషన్లలోగానీ తేడా రాలేదు, ఉద్యోగం మానేవాళ్ళు మాత్రం మూడో వంతు తగ్గారు.

ఈ లెక్కల్లో మనకు కావలసిన పాఠం ఉంది. కొందరికి ఇల్లు కుదిరింది, కొందరికి ఆఫీసు కుదిరింది. ఎవరికి ఏది కుదురుతుందో ముందుగా వాళ్ళకే తెలియలేదు. చేసి చూసి, మనసు మార్చుకునే అవకాశం ఇచ్చినప్పుడు మనిషీ బాగుపడ్డాడు, పనీ బాగుపడింది. మార్పును సులభం చేసింది భోజనాలూ కుర్చీలూ కాదు, ఎంపిక.

6. సాధారణంగా వచ్చే రెండు అభ్యంతరాలు

మనలోనే కొందరంటారు: వీళ్ళు లక్షల జీతగాళ్ళు, వీళ్ళ ఇబ్బంది ఒక ఇబ్బందా? లాక్‌డౌన్‌లో రోడ్లమీద నడిచిపోయిన వలసకూలీల మాటేమిటి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇంట్లో కూర్చుని పనిచేసే అదృష్టం అతి కొద్దిమందిదే. ఆఫీసులు మూతబడ్డప్పుడు వాటిని ఊడ్చేవాళ్ళు, కాపలాదార్లు, క్యాబ్ డ్రైవర్లు, హాస్టళ్ళలో వంట చేసేవాళ్ళు, కర్రీ పాయింట్లు పెట్టుకున్నవాళ్ళు ఉపాధి పోగొట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి జీతం ఆగిపోయిన రోజే పని కూడా ఆగిపోయింది. ఆఫీసు మళ్ళీ తెరుచుకోవడం వాళ్ళకు బతుకు తెరువు తెరుచుకోవడమే. కనుక ఉద్యోగి సౌకర్యాన్ని గురించి రాసేటప్పుడు, ఆ ఆఫీసు మీద బతికే ఈ రెండో వరస మనుషుల్ని మరిచిపోతే అది సగం చరిత్రే అవుతుంది. అయితే ఒకరి హక్కును చూపించి మరొకరి హక్కును చిన్నబుచ్చడం యజమానులకు పనికివచ్చే పద్ధతి. ఈ ఇద్దరి పనిచోటునూ వీళ్ళెవరినీ అడక్కుండా నిర్ణయించినవాడు ఒక్కడే.

రెండో అభ్యంతరం సంఘ నిర్మాణానిది. ఇళ్ళల్లో చెదిరిపోయిన మనుషులు ఏకం కాలేరు, కనుక ఆఫీసే మేలు అంటారు. మిల్లు చరిత్ర ఈ మాటకు బలం ఇస్తుంది. బీడీల చరిత్ర దీన్ని సరిదిద్దుతుంది. వేల ఇళ్ళల్లో చెదిరి ఉన్న ఆడవాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, ఊరేగింపులు తీశారు, తమను ఉద్యోగులని ఒప్పించారు. మరోవైపు వేలమంది ఒకే భవనంలో కూర్చున్నా హైటెక్ సిటీలో సంఘం బలపడలేదు. గోడలు వాటంతట అవే ఐక్యతను పుట్టించవు. ఉమ్మడి రాష్ట్రం కాలంనుంచి ఐ.టి. కంపెనీలకు షాపులు, సంస్థల చట్టంలోని పనివేళలకు సంబంధించిన సెక్షన్లనుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. చట్టం గేటు దగ్గరే ఆగిపోయిన చోట లోపల ఎంతమంది కూర్చున్నా ఒంటరివాళ్ళే.

7. ఎవరికి సులభం?

స్త్రీల సంగతి విడిగా చెప్పుకోవాలి. జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో జీతంలేని ఇంటిచాకిరీ చేసే స్త్రీ దాని మీద రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ చాకిరీలో చేయిపెట్టే పురుషుడు 97 నిమిషాలు వెచ్చించాడు. 2024 సర్వేలో స్త్రీది 289, పురుషుడిది 88. నడుమ లాక్‌డౌన్ వచ్చింది, మగవాళ్ళు నెలల తరబడి ఇళ్ళల్లో కూర్చున్నారు, అయినా అంతరం రెండు వందల నిమిషాల దగ్గరే నిలిచిపోయింది. అందుకే ఇంటిపని స్త్రీకి వరమని ప్రభుత్వాలు చెప్పే మాటను జాగ్రత్తగా చూడాలి. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కీబోర్డు పట్టుకోవడం వరం కాదు. అలాగని ఆఫీసుకు రమ్మని ఒక్క వారం గడువుతో తాఖీదు పంపితే, పసిబిడ్డ తల్లి చేయగలిగింది తరచు రాజీనామా ఒక్కటే.

చట్టంలో కొన్ని మాటలు ఉన్నాయి. 2017 ప్రసూతి సవరణ చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట శిశుగృహం పెట్టాలన్నది. సెలవు తర్వాత పని స్వభావాన్నిబట్టి ఇంటినుంచి చేయనివ్వవచ్చన్నది. అయితే ఆ చివరిది యజమానీ ఆమే కలిసి ఒప్పుకున్న షరతుల మీద. సేవారంగానికి కేంద్రం 2020 చివరి రోజున ప్రకటించిన నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదాలో కూడా యజమాని ఇంటినుంచి పనిని 'అనుమతించవచ్చు' అన్నదే మాట. ఒకరు అనుమతించేవారు, మరొకరు అడుక్కునేవారు అయినప్పుడు దాన్ని పరస్పర ఒప్పందం అనడం భాషను హింసించడమే.

మరైతే నిజంగా సులభం చేయడమంటే ఏమిటి? రావలసిన రోజులు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పడం. ఊళ్ళో ఇల్లు సర్దుకొని, పిల్లల బడి మార్చి, నగరంలో అద్దె వెతుక్కునే వ్యవధి ఇవ్వడం. శిశుగృహం కాగితం మీద కాక కింది అంతస్తులో ఉండడం. ప్రయాణానికి పోయే రెండు గంటలు ఎవరి ఖాతాలోవో తేల్చడం. ఇంటి రోజులకూ ఆఫీసు రోజులకూ మధ్య ఎంపిక ఉండడం, అది ఆరునెలలకోసారి మార్చుకునే వీలుండడం. ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రమోషన్లలో వెనకబాటు రాకుండా చూడడం. ముఖ్యంగా పనికి ఒక సాయంత్రం ఉండడం. లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంట్లోకి వచ్చింది. ఇప్పుడు మనిషి ఆఫీసుకు తిరిగి వెళ్ళాడు, కాని ఇంట్లోకి వచ్చిన ఆఫీసు బయటికి పోలేదు. రాత్రి పదిగంటల ఫోన్లు అలాగే ఉన్నాయి. పనివేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి చట్టంలో పెట్టింది. మన లోక్‌సభలో 2018 చివర ఒక ప్రైవేటు సభ్యుని బిల్లు వచ్చింది, అది చట్టం కాలేదు.

ఇవేవీ యజమాని దయాగుణం వల్ల వచ్చేవి కావు. పదిగంటల పనిదినం మిల్లు యజమానులు బహూకరించింది కాదు, బీడీ కార్మికురాలి ప్రావిడెంట్ ఫండు కంపెనీ కానుక కాదు. కర్ణాటకలో ఐ.టి. ఉద్యోగులు 2017లో సంఘం రిజిస్టరు చేసుకున్నారు. 2024లో పనిదినాన్ని పద్నాలుగు గంటలదాకా పొడిగించే ప్రతిపాదన వచ్చినప్పుడు వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. మన నగరంలోనూ ఆ దారి తప్పదు. ఆ దారిలో కోడ్ రాసే ఇంజినీరూ, ఆమె కూర్చునే బల్ల తుడిచే మనిషీ, ఆమెను రాత్రి ఇంటికి చేర్చే డ్రైవరూ కలిసి నడిస్తే, ఆఫీసు ఎన్ని రోజులన్న ప్రశ్నకు మొదటిసారిగా రెండువైపులా సంతకాలున్న జవాబు వస్తుంది. మనుషులు కొత్తచోటుకు అలవాటుపడడం ఎన్నడూ పెద్ద సమస్య కాదు. వాళ్ళను అడగడం యజమానులకు ఇంకా అలవాటు కాలేదు.